బెల్లానికి తెలిసిన మాట

శశికళక్క గరాజ్‌లో కార్ ఉండదు. కార్ ఎప్పుడూ బయట డ్రైవ్‌వేలోనే. లోపల నడుము ఎత్తు బల్ల, దాని మీద రబ్బరు చాప, గోడకి నాలుగు రకాల దువ్వెనలు, నీళ్లు చల్లే సీసా, ఒక పెద్ద ఫ్యాన్. బల్ల పక్కన ఒక ప్లాస్టిక్ స్టూల్. రెండేళ్లుగా గురువారం మధ్యాహ్నాలు ఆ స్టూల్ నాది.

అక్క ఇక్కడ అమెరికాలో, జార్జియా రాష్ట్రం అల్ఫారెట్టాలో కుక్కలకి స్నానాలు చేయించే షాపులో పనిచేస్తుంది. వారానికి ఐదు రోజులు నీళ్లు పోస్తుంది, గోళ్లు తీస్తుంది, చెవులు తుడుస్తుంది, దువ్వుతుంది. గురువారం సెలవు. ఆ రోజు మా కమ్యూనిటీలో తెలిసినవాళ్ల కుక్కలు ఒకటో రెండో ఈ గరాజ్‌కి వస్తాయి. మా దగ్గర సగానికి పైగా ఇళ్లు తెలుగువాళ్లవే. పిల్లలు ఆమెని డాగ్ ఆంటీ అంటారు. అలా అనకూడదని పెద్దవాళ్లు పిల్లల్ని కోప్పడతారు. పిల్లలు లేనప్పుడు వాళ్లూ అదే అంటారు.

నాకు కుక్కలంటే భయం. డిగ్రీ రెండో సంవత్సరం మధ్యలో పెళ్లయి ఇక్కడికి వచ్చాను. మా ఆయన నీరజ్ ఆఫీస్‌కి వెళ్లాక సాయంత్రం దాకా చేసేదేమీ లేక కాలిబాట మీద నడిచేదాన్ని. ఎదురుగా కుక్క కనబడితే రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయేదాన్ని. ఒకరోజు అలా దాటబోతుంటే అక్క చేతిలో కుక్కతో ఆగి, "గట్ల మాటిమాటికి రోడ్డు దాటకు చెల్లె, కార్లు కుక్కల కంటె అన్యాలం," అంది. ఆ మాటకి నవ్వొచ్చింది. నవ్వాక ఆ రోజు దాటలేకపోయాను. అలా మొదలైంది.

అక్కది సిద్దిపేట దగ్గర పల్లె. కురుమల ఇల్లు. నాన్నకి రెండు వందల గొర్రెలుండేవి. ఉన్ని కత్తిరించే కత్తెర ఎనిమిదో ఏట పట్టుకున్నానని చెబుతుంది. ఆమె భర్త గోపాల్ అన్న సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం చేస్తూ ఆమెని ఇక్కడికి తీసుకొచ్చాడు. తొమ్మిదేళ్లు పని చేసే పర్మిట్ లేదు. డిపెండెంట్ వీసా వాళ్లకి పర్మిట్‌లు ఇవ్వడం మొదలుపెట్టిన ఏడాదే ఆమె తీసుకుంది. ఎవరో స్కూల్లో లంచ్ హెల్పర్‌గా చేరమన్నారు. ఎవరో ఇంట్లో పిల్లల్ని చూసుకోమన్నారు. ఆమె మాత్రం షాపు అద్దానికి అంటించిన కాగితం చూసి లోపలికి వెళ్లి, వచ్చీరాని ఇంగ్లీషులో, రెండు వందల గొర్రెలకి స్నానం చేయించిన చేతులివి అని చెప్పిందట.

ఆ చేతులే ఒక తప్పు చేశాయి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

చేరిన మొదటి ఎండాకాలంలో ఒక ముసలాయన కూపర్ అనే కుక్కని తెచ్చాడు. షెల్టీ. షెట్‌లాండ్ షీప్‌డాగ్ అని దాని పూర్తి పేరు. మోకాలి ఎత్తు కూడా ఉండదు. మెడ చుట్టూ సింహానికున్నట్టు జూలు, సన్నని మూతి, చివర కాస్త వంగిన చెవులు. జార్జియా ఎండకి నాలుక బయటపెట్టి రొప్పుతోంది. ఆయన బొచ్చంతా తీసేయమన్నాడు. అక్క ఆలోచించలేదు. ఎండాకాలం ముందు గొర్రెకి ఉన్ని తీస్తే గొర్రె హాయిగా ఉంటుంది, వానాకాలానికి మళ్లీ వస్తుంది. ఆమెకి తెలిసిన లెక్క అదే. మెషీన్ పెట్టి చర్మం దాకా తీసేసింది. ఆయన సంతోషంగా వెళ్లాడు.

మళ్లీ రాలేదు, ఆ బొచ్చు. షెల్టీకి రెండు పొరలుంటాయి. పైన నిటారుగా పొడుగు వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తటి పొర. ఆ రెండూ కలిసి చలినీ ఆపుతాయి, ఎండనీ ఆపుతాయి. చర్మం దాకా తీస్తే కొన్నిటికి పై పొర సరిగా తిరిగి రాదు. కూపర్‌కి రాలేదు. ఏడాది తర్వాత ముసలాయన తెచ్చినప్పుడు వీపంతా అతుకులతుకులుగా ఉంది, ఎండకి కమిలిన మచ్చలున్నాయి. ఆయన ఒక్క మాట అనలేదట. అనకపోవడమే అక్కకి పట్టుకుంది. అప్పట్నుంచి ఆ జాతి గురించి దొరికినదంతా విన్నది, చూసింది, షాపులో పాతవాళ్లని అడిగింది. షెల్టీ ఎవరిదైనా తన బల్ల మీదికే రావాలని పట్టుబట్టింది.

అందుకే మా వెనక వీధిలో ఉండే దివాకర్ గారి కూతురు దియ, ఎనిమిదేళ్ల పిల్ల, కుక్క కావాలని ఏడాది పాటు అడిగి అడిగి సాధించినప్పుడు, ఏ కుక్కైతే బాగుంటుందని దియ వాళ్లమ్మ రాగిణి శశికళక్కని అడిగితే, అక్క వెంటనే షెల్టీ అంది. టెన్నెసీలో షెల్టీలు పెంచి అమ్మేవాళ్ల దగ్గరి దాకా వాళ్లతో వెళ్లి, ఐదు కుక్కపిల్లల్లో ఒకదాన్ని ఎత్తి, చెవుల వెనక వాసన చూసి, ఇదీ అంది. ముదురు పసుపు రంగు మగపిల్ల. దివాకర్ గారిది గుంటూరు జిల్లా. అచ్చం అచ్చుబెల్లం రంగులో ఉన్నాడు వీడు అన్నారు. ఆ పేరే ఉండిపోయింది. దియ నోట్లో అది "బెలమ్" అవుతుంది.

జూన్ మొదటి శనివారం దియ పుట్టినరోజు. బెల్లానికి అప్పుడు పదకొండు నెలలు. పెరట్లో పన్నెండుమంది పిల్లలు పరుగెత్తుతున్నారు. నేను పకోడీ ప్లేట్లు అందిస్తూ చూస్తున్నాను. బెల్లం వాళ్ల చుట్టూ పెద్ద గుండ్రంలో తిరగడం మొదలుపెట్టాడు. ఒక పిల్ల విడిపోతే వెనక్కి తోలుతున్నాడు. కాసేపటికి పిల్లలందరూ తెలియకుండానే ఫెన్స్ మూలకి చేరిపోయారు. అది చూసి పెద్దవాళ్లు ముందు నవ్వారు. తర్వాత దివాకర్ గారు అరవడం మొదలుపెట్టారు. ఆగరా, ఒద్దురా, ఒరేయ్ పోరా అని. బెల్లం ఆయన దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు, తిట్లు తిన్నాడు, మళ్లీ పిల్లల దగ్గరికి ఉరికాడు, మళ్లీ వచ్చాడు. ప్రతిసారీ ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా మొరుగుతూ. చివరికి ఆరుష్ అనే పిల్లాడు మూలలోంచి తప్పించుకుని పరుగెత్తితే వాడి మడమ పట్టుకున్నాడు.

రక్తం రాలేదు. రెండు ఎర్రటి గుర్తులు పడ్డాయి. ఆరుష్ వాళ్లమ్మ అనురాధ గారు అరవలేదు. పిల్లాడి కాలు కడిగి, షూ తొడిగి, కేక్ కోయకముందే వెళ్లిపోయారు. ఆ రాత్రి కమ్యూనిటీ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరెవరో ఆ కుక్క గురించి రాశారు.

మర్నాడు దివాకర్ గారు టెన్నెసీకి ఫోన్ చేశారు. కుక్కని పెంచలేకపోతే వాళ్లకే తిరిగి ఇవ్వాలని కొన్నప్పుడే కాగితం రాయించుకున్నారు. వాళ్లు తీసుకుంటామన్నారు. ఆ విషయం చెప్పడానికి దివాకర్ గారూ రాగిణీ గరాజ్‌కి వచ్చారు. దియ రాలేదు. పార్టీ అయినప్పట్నుంచి గదిలోంచి బయటికి రావడం లేదని రాగిణి చెప్పింది.

అక్క చేతిలో దువ్వెన కింద పెట్టలేదు. అంతా విని, తనకి మూడు వారాలు ఇమ్మంది.

"అక్కా, మీరు స్నానం చేయించండి చాలు, పీహెచ్‌డీ చేయించకండి," అన్నారు దివాకర్ గారు. "వీడు మొండి. ఏం చెబితే దానికి రివర్స్."

"నేను ఎంచిన కుక్క తమ్మీ. మూడు వారాలకు మల్ల గా పిల్లలనే పిలువు. గదే పెరడు, గంట సేపు ఉరకనీ. పన్ను ఒక్కరికి తాకినా, తెల్లారి నేనే డ్రైవ్ చేసి టెన్నెసీల దింపొస్త."

దివాకర్ గారు అక్క మొహం చూసి, సరే అన్నారు. కానీ అనురాధ గారూ ఆరుష్ కూడా రావాలని షరతు పెట్టారు. అక్క ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లింది. ఏం మాట్లాడిందో నాకు తెలీదు. గుమ్మంలోనే ఇరవై నిమిషాలు నిలబెట్టారని మాత్రం గోపాల్ అన్న చెప్పాడు. వస్తామన్నారట.

ఆ మూడు వారాల్లో నేను చూసినవి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అక్క రాయమంది. తనకి గుర్తుంటుంది కానీ రాగిణికి ఇవ్వడానికి కాగితం కావాలంది.

పొద్దున్నే ఆరింటికి ఎండ ఎక్కకముందు నలభై నిమిషాల నడక. సాయంత్రం మళ్లీ. ఒళ్లు అలిసినంత మాత్రాన వీడు అలిసిపోడు, బుర్ర అలిసిపోవాలి అని అక్క అనేది. వీడి తాతల తాతలు స్కాట్లాండ్‌కి ఉత్తరాన చల్లటి దీవుల్లో గొర్రెల్ని తోలినవాళ్లు. అక్కడ గొర్రెలూ పొట్టివేనట, గుర్రాలూ పొట్టివేనట, కుక్కా పొట్టిదే. పొద్దంతా కళ్లతో మందని చూస్తూ ఉండటం వీడి ఉద్యోగం. ఆ ఉద్యోగం ఇవ్వకపోతే పిల్లల్లోనో కార్లలోనో వెతుక్కుంటాడు. అందుకని అక్క ఐదు పెద్ద రబ్బరు బంతులు కొని పెరట్లో విడిచి, వాటిని ఒక్కొక్కటే మూతితో తోసుకుంటూ మూలకి చేర్చడం నేర్పింది. నాలుగో రోజుకి బెల్లం బంతులన్నీ చేర్చి, వాటి ముందు పడుకుని కాపలా కాసేవాడు.

మొరుగుడు ఈ జాతికి పుట్టుకతో వచ్చింది. పూర్తిగా మాన్పించలేం. వాళ్లింట్లో వీధి వైపు కిటికీ కింది సగానికి అక్క మసక కాగితం అంటించింది. డెలివరీ వ్యాన్లు కనబడకపోయేసరికి మొరుగుడు సగం తగ్గింది.

దువ్వడం వారానికి మూడుసార్లు. పైపైన దువ్వితే పైన నున్నగా, కింద ముద్దగా ఉంటుంది. పొడి బొచ్చు దువ్వితే తెగుతుంది. అందుకే కాస్త నీళ్లు చల్లి, ఒక చేత్తో బొచ్చు పైకెత్తి పట్టుకుని, పాపిడి తీసినట్టు వరస వరసగా చర్మం కనబడేలా దువ్వాలి. చెవుల వెనక, తొడల వెనక, ముందుకాళ్ల చంకల్లో ముడులు పడతాయి, అక్కడ వేళ్లతో విడదీయాలి. పాదాల కింద వేళ్ల మధ్య బొచ్చు కత్తిరించాలి, లేకపోతే చెక్క నేల మీద జారతాడు. మెషీన్ పెట్టకూడదు. ఈ వాక్యం కింద అక్క నాతో రెండు గీతలు గీయించింది.

ఉల్లిపాయ వేసిన పప్పు, ద్రాక్ష, కిస్‌మిస్ పెట్టకూడదు. పాయసంలో కిస్‌మిస్ ఏరేసి పెడుతున్నానని రాగిణి చెబితే, పాయసమే వద్దని అక్క చెప్పింది. తొందరగా ఒళ్లు చేసే జాతి. పక్కటెముకలు కంటికి కనబడకూడదు, చేతికి తగలాలి. కొన్ని మందులు ఈ జాతిలో కొన్ని కుక్కలకి పడవు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకని వెట్ డాక్టర్ దగ్గర అవి పడతాయో లేదో పరీక్ష చేయించాకే ఏ మందైనా.

ఇవన్నీ చేశాం. గరాజ్‌లో బెల్లం బంగారం. అక్క చెయ్యి ఎత్తి షాపులో అనేట్టు "వెయిట్" అంటే బొమ్మలా నిలబడేవాడు. ఇంటికి వెళితే మళ్లీ మామూలే. దివాకర్ గారు వంటింట్లోంచి పొమ్మంటే కాళ్లలోకి వచ్చేవాడు. ఆగమంటే లేచేవాడు. మొరగొద్దంటే మొరుగుతూనే మీదికి ఉరికేవాడు. "మీరంటే భయం అక్కా, మేమంటే లోకువ," అనేవారు ఆయన. మూడో వారం వచ్చింది. శనివారం పరీక్ష, గురువారం నాటికి కూడా ఇంట్లో ఏ మార్పూ లేదు. ఆ రోజు మొదటిసారి అక్క బల్ల తుడిచిందే తుడుస్తూ కనబడింది. కార్‌లో పెట్రోల్ కొట్టించుకోవాలేమో చెల్లె అంది, టెన్నెసీ దూరం లెక్కేసుకుంటూ.

ఆ మధ్యాహ్నం అక్కతో పాటు వాళ్లింటికి వెళ్లాను. వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను మెట్ల మీద కింది మెట్టున కూర్చున్నాను. నన్నెవరూ పలకరించకపోతే నాకు బాగా కనబడుతుంది.

దియ "స్టే" అని చెయ్యి చూపించి వంటింట్లోకి వెళ్లింది. బెల్లం ఉన్నచోటే ఉన్నాడు. ఆ పిల్ల జ్యూస్ తాగి వచ్చేదాకా కదలలేదు. అది ఎవరూ పట్టించుకోలేదు, పిల్ల మాట కదా. తర్వాత దివాకర్ గారు మేడ మీది ఆఫీస్ గదిలోంచి దిగుతూ, నన్ను దాటి, "ఆగరా, ఆగరా, అక్కడే ఉండరా," అన్నారు. బెల్లం లేచి వచ్చేశాడు.

నేను వాడి మొహం చూశాను. మాట వినని కుక్క మొహం ఎలా ఉంటుందో రెండేళ్లుగా ఆ స్టూల్ మీద కూర్చుని చూశాను. చెవులు వెనక్కి పోతాయి, కళ్లు పక్కకి తప్పుకుంటాయి. వీడి చెవులు నిటారుగా ఉన్నాయి. నోరు తెరిచి, తోక ఊపుతూ, పిలిస్తే వచ్చినవాడిలా వచ్చాడు. వీడు ఎదురు తిరగడం లేదు. చెప్పింది చేస్తున్నాననే అనుకుంటున్నాడు.

వాడితో అక్క మాట్లాడేది షాపు ఇంగ్లీషు. దియ మాట్లాడేది ఇంగ్లీషు. తెలుగులో చెప్పేవాళ్ల దగ్గరే తేడా. రాగిణి వెనక నుంచి అంటోంది, కూర్చోరా కన్నా, కూర్చోరా. వాడు ఆవిడ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

అక్కడ చెప్పలేకపోయాను. బెల్లాన్ని దువ్వడానికి గరాజ్‌కి తీసుకొచ్చాక, తలుపు పడ్డాక చెప్పాను. చిన్నప్పుడు వీడికి పిలుపు ఎలా నేర్పారు అక్కా అని అడిగాను. రాగిణి రోజుకి ముప్పైసార్లు "రా" అని పిలిచి, ప్రతిసారీ ఉడకబెట్టిన చికెన్ ముక్క పెట్టిందని అక్క చెప్పింది. వీడికి వచ్చిన మొదటి మాట అది.

"ఆగరా అన్నా చివర రా ఉంది కదా," అన్నాను. "పోరా అన్నా."

అక్క నా వైపు చూసింది. తర్వాత బెల్లం వైపు చూసింది. వాడు గరాజ్ ఆ చివర నేల మీద పడుకున్నాడు. అక్క గొంతులో ఏ పిలుపూ లేకుండా, గోడతో మాట్లాడినట్టు, "ఇడ్లీరా," అంది. బెల్లం లేచి వచ్చాడు. వెనక్కి పంపి, ఇంకో వైపు తిరిగి, "చెప్పులురా," అంది. వచ్చాడు. "టెన్నెసీరా." వచ్చాడు. "ఇడ్లీ," అంది ఊరికే. కదలలేదు.

"నువ్వను చెల్లె," అంది.

అప్పటిదాకా ఏ కుక్కతోనూ నేను మాట్లాడలేదు. నా గొంతు నాకే వినబడనంత చిన్నగా "పోరా" అన్నాను. బెల్లం గరాజ్ అంతా దాటి వచ్చి నా మోకాలి మీద గడ్డం పెట్టాడు.

అక్క స్టూల్ పట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుంది. చెప్పులేసుకుని, గరాజ్ తలుపు కూడా వేయకుండా వీధిలోకి నడిచింది. నేనూ బెల్లమూ ఆమె వెనకాలే.

దివాకర్ గారికి ఏమీ వివరించలేదు. నీ ఫ్రెండ్‌కి ఎవరికైనా ఒకసారి ఫోన్ చెయ్యి తమ్మీ అంది. ఆయనకి అర్థం కాలేదు కానీ, శాంటా క్లారాలో ఉండే సృజన్ అనే తన కాలేజీ స్నేహితుడికి చేశారు. బెల్లం దియ పాదాల దగ్గర పడుకుని ఉన్నాడు.

"ఏరా, ఎక్కడున్నావురా?" అన్నారు. బెల్లం లేచి ఆయన ముందుకొచ్చాడు. "ఏం లేదురా, ఊరికే చేశా." ముందుకాళ్లు ఆయన మోకాళ్ల మీద పెట్టాడు. ఆయన ఫోన్ చెవికి అదిమి, మోకాలితో తోసి, "పోరా," అన్నారు. బెల్లం ఒక్క అడుగు వెనక్కి పడి, మళ్లీ మీదికొచ్చి, ఈసారి మొరిగాడు. అడిగింది చేశానుగా, ఇంకేం కావాలి అన్నట్టు.

రాగిణికి ముందు అర్థమైంది. కౌంటర్ మీద తల ఆనించి నవ్వింది. దివాకర్ గారు నవ్వలేదు. ఫోన్ పెట్టేసి కుక్కనే చూస్తూ కూర్చున్నారు.

"అంటే ఆ రోజు పార్టీలో కూడా..." అన్నారు.

"వచ్చిండు," అంది అక్క. "నువ్వు పిలిచినన్ని సార్లు వచ్చిండు. వచ్చినప్పుడల్లా తిట్టినవ్. పిలుస్తవ్, తిడ్తవ్, పిలుస్తవ్, తిడ్తవ్. ఆఖర్కి వానికి పిచ్చి లేసింది."

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఎవరూ "రా" అనకూడదని అనుకున్నారు. రాత్రి భోజనాల వేళకే రాగిణి ఫోన్ చేసింది. దివాకర్ గారు పదకొండుసార్లు అన్నారట. ఆవిడ తొమ్మిదిసార్లు. కుక్కతో కొన్ని, ఫోన్‌లో కొన్ని, టీవీలో క్రికెట్ చూస్తూ బౌలర్‌తో కొన్ని. ముద్దొచ్చినా రా, కోపమొచ్చినా రా. అది నోటి నుంచి వచ్చేది కాదు, ఎముకల్లోంచి వచ్చేది.

శుక్రవారం పొద్దున షాపుకి పోయేముందే అక్క నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. రాత్రి నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి. నిర్ణయం మార్చేసింది. "రా" మానొద్దు, మీ వల్ల కాదు. కానీ అన్నవాళ్లు బాకీ పడతారు. ఎవరు "రా" అన్నా, ఎందుకన్నా, వాడు వస్తే చికెన్ ముక్క పెట్టి తల నిమరాలి. తిట్టకూడదు, తోయకూడదు. వాడిని ఆపాలంటే మాత్రం చెయ్యెత్తి "వెయిట్". కుక్క నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, అది మొదట్నుంచీ సరిగ్గానే ఉంది అంది. రెండు రోజుల్లో మనుషులు నేర్చుకుంటారా లేదా అన్నదే మిగిలింది.

ఇంట్లో ముగ్గురూ నడుముకి చిన్న డబ్బాలు కట్టుకున్నారు. వంటింట్లో చికెన్ ఉడుకుతూనే ఉంది. దివాకర్ గారు ఆఫీస్ మీటింగ్‌లో కూడా డబ్బాతోనే కూర్చున్నారని దియ చెప్పింది.

శనివారం సాయంత్రం ఆరింటికి పిల్లలు వచ్చారు. పన్నెండుమందిలో తొమ్మిదిమందే. ముగ్గురిని వాళ్ల ఇళ్లలో పంపలేదు. అనురాధ గారు వచ్చి, పెరటి మెట్ల దగ్గర కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆరుష్ ఆవిడ కుర్చీ వెనకే నిలబడ్డాడు. వెనక గేటు పక్కన దివాకర్ గారి కార్ డిక్కీ తెరిచి ఉంది, అందులో బెల్లం కేజ్, తిండి సంచి, పరుపు. ఎటు తేలినా ఆలస్యం వద్దని ముందే సర్దారు. దియ ఆ వైపు చూడకుండా నిలబడటం నేను చూశాను.

అక్క పొద్దున బెల్లాన్ని గంటన్నర నడిపించింది, మధ్యాహ్నం బంతులాడించింది. ఇక వాళ్ల చేతుల్లో పెట్టి, నా పక్కకి వచ్చి ఫెన్స్‌కి ఆనుకుంది. నేను ఏం చేయను చెల్లె, చూస్త అంతే అంది. చేతులు మాత్రం దువ్వెన పట్టుకున్నట్టు కదులుతున్నాయి.

మొదటి పది నిమిషాలు ఏమీ కాలేదు. పిల్లలకే భయంగా ఉంది. తర్వాత మరిచిపోయి పరుగులు మొదలుపెట్టారు. ఆరుష్ కూడా కుర్చీ వెనక నుంచి జారుకుని గుంపులో కలిశాడు. బెల్లం మెడ కిందికి వంచి, పెద్ద గుండ్రం మొదలుపెట్టాడు. ఒక చుట్టు. రెండు. గుండ్రం చిన్నదవుతోంది. దియ చెయ్యెత్తి "వెయిట్" అంది. గోలలో వాడికి వినబడలేదు. ఆరుష్ గుంపులోంచి విడిపోయి ఫెన్స్ వైపు పరుగెత్తాడు. బెల్లం వాడి వెనక తిరిగాడు.

"ఒరేయ్, ఆగరా!" అని దివాకర్ గారి నోట్లోంచి వచ్చేసింది.

బెల్లం ఆరుష్ మడమకి రెండడుగుల దూరంలో ఆగి, తిరిగి, పెరడంతా దాటి దివాకర్ గారి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఆయన చెయ్యి తిట్టడానికి లేచినట్టే లేచింది. మధ్యలో ఆగింది. అక్క వైపు చూశారు. ఆయన చెయ్యి దించి, డబ్బా మూత తీసి, ముక్క పెట్టి, తల నిమిరారు. బెల్లం ఆయన కాళ్ల ముందు కూర్చున్నాడు. మళ్లీ పిల్లల వైపు ఉరకలేదు. ఉరకడానికి కారణం లేదు. పిలిచారు, వచ్చాడు, పని అయిపోయింది.

ఆ గంటలో అలా ఐదుసార్లు జరిగింది. రెండుసార్లు దియ చెయ్యెత్తితే ఆగాడు. మూడుసార్లు "రా" వల్ల వచ్చాడు, అందులో ఒకటి రాగిణి ఎవరో పిల్లాడిని జ్యూస్ తాగరా అన్నది. వాడికీ జ్యూస్ ఇచ్చి, వీడికీ ముక్క ఇచ్చింది. పన్ను ఎవరికీ తాకలేదు.

ఏడయ్యాక అనురాధ గారు లేచి చెప్పులేసుకున్నారు. వెళ్లిపోతారేమో అనుకున్నాం. బెల్లాన్ని కాసేపు చూసి, "మా ఆరుష్‌ని పదిసార్లు పిలిస్తే ఒకసారి వస్తాడు," అన్నారు. "ఈయన నయం." తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని తెచ్చి, బెల్లం ముందు కూర్చోబెట్టి, అరచేయి ఎలా తెరిచి పెట్టాలో చూపించమని అక్కని అడిగారు. వాసన చూడనిచ్చి, ఆరుష్ ముక్క పెట్టాడు.

దివాకర్ గారు గేటు దగ్గరికి వెళ్లి డిక్కీలోంచి కేజ్ దింపారు. పరుపు దియ మోసింది, తల మీద పెట్టుకుని.

ఆ ఆదివారం అక్క ఎక్కడికీ డ్రైవ్ చేయలేదు. గురువారం బెల్లం మామూలుగా బల్ల మీదికి వచ్చాడు. చెవి వెనక ముడి పడింది, చికెన్ నూనె చేతులతో అందరూ అక్కడే నిమురుతున్నారని అక్క గొణిగింది. రాలిన మెత్తటి బొచ్చుని పారేయకుండా వేళ్ల మధ్య మెలిపెట్టి, వాళ్ల నాయనమ్మ ఉన్ని మెలిపెట్టినట్టు, సన్నటి పోగు తీసింది. దువ్వెన పిడికి చుట్టింది. అక్కడ ఇంకో పాత పోగు ఉంది, తెల్లగా. అది కూపర్‌దని అడగకుండానే నాకు తెలుసు. "వీపు చూడు చెల్లె, ఎంత నిండుగున్నదో," అని మాత్రం అంది.

నోట్‌బుక్‌లో చివరి పేజీలో ఒక వాక్యం కలిపాను. ఇంట్లో ఏ మాట ఎన్నిసార్లు అంటారో ముందు లెక్కపెట్టుకుని, తర్వాత కుక్కకి పిలుపు నేర్పాలి. అక్క దాని కింద కూడా రెండు గీతలు గీయించింది. ఇప్పుడు షాపులో ఎవరైనా తెలుగువాళ్లు కుక్కపిల్లని తెస్తే అక్క ముందు ఆ పేజీ ఫోటో పంపిస్తుంది.

సాయంత్రం నడకలో నేను దివాకర్ గారి ఇంటి పక్క నుంచే వెళతాను. రోడ్డు దాటడం మానేశాను. ఆయన పెరట్లో నడుస్తూ ఫోన్ మాట్లాడుతుంటారు. "ఏరా సృజన్," అని వినబడుతుంది. కాసేపు ఆగుతారు. డబ్బా మూత తీసిన చప్పుడు. "ఆఁ, ఇప్పుడు చెప్పరా." మళ్లీ మూత చప్పుడు.